గడ్డి పొలానికి జబ్బు చేస్తే...

వరి చేనుకు తెగులు సోకితే ఊరంతా కంగారు పడుతుంది. మిరపకు పురుగు పడితే రైతు నిద్ర మానుకొని మందు కోసం పరుగెడతాడు. మరి గడ్డి పొలానికి జబ్బు చేస్తే? "గడ్డే కదా, దానికి కూడా వైద్యమా!" అని మీకు నవ్వు రావచ్చు. కాని గడ్డి కూడా పైరే. దాన్ని నమ్ముకొని పశువులున్నాయి. ఆ పశువులను నమ్ముకొని మనుషులున్నారు.

ఏటేటా పలచబడిపోతున్న గడ్డి పొలాన్ని మళ్ళీ బతికించడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పొలం ఒకటి ఇంగ్లండులో ఉంది. 1856లో మొదలుపెట్టి, 160 ఏళ్ళు దాటినా, శాస్త్రజ్ఞులు దాన్ని పరీక్షిస్తూనే ఉన్నారు. దాని కథ తెలుసుకుందాం.

వరిగడ్డి వేరు, ఎండుగడ్డి వేరు

మన ఊళ్ళలో గడ్డివాము అంటే చాలా వరకు వరిగడ్డి వామే. గింజ రాల్చుకున్నాక మిగిలిన కాడ అది. జొన్న చొప్ప కూడా అంతే. మొక్క తయారుచేసుకున్న పోషకాలలో మంచి భాగం అప్పటికే గింజలోకి చేరిపోతుంది. కాబట్టి వరిగడ్డిలో మిగిలేది ఎక్కువగా పీచే.

మనం చెప్పుకోబోయే ఎండుగడ్డి అలాంటిది కాదు. దాన్ని గింజ కోసం పెంచరు. పచ్చిక ఏపుగా పెరిగి పూత మీదకు రాగానే, ఆకుతో కాడతో సహా కోసి, పొలంలోనే ఎండలో ఆరబెట్టి, దాచుకుంటారు. పోషకాలు ఆకులోనే నిలిచిపోతాయి కనుక పశువుకు ఇది మంచి మేత.

చలిదేశాల్లో దీని విలువ మరీ ఎక్కువ. అక్కడ శీతకాలంలో గడ్డి పెరగదు. కొన్నిచోట్ల నెలల తరబడి పొలాల మీద మంచు పేరుకుపోయి ఉంటుంది. ఆవులు, గొర్రెలు, గుర్రాలు ఆ నెలలన్నీ ఎలా బతకాలి? వేసవిలో కోసి దాచిన ఎండుగడ్డే వాటికి ఆధారం. ఇంగ్లండులో ఈ కోత సాధారణంగా జూన్, జులై నెలల్లో జరుగుతుంది. ఆ ఏడు గడ్డి సరిగా పండకపోతే, చలికాలం సగంలోనే మేత అయిపోతుంది. అప్పుడు మందలో కొన్నింటిని అమ్ముకోవడమో, ఎక్కువ ధర పెట్టి మేత కొనడమో తప్ప రైతుకు వేరే దారి ఉండదు.

గడ్డితో పాటు పొలం కూడా బండెక్కుతుంది

గడ్డి పొలం ఎందుకు చిక్కిపోతుంది? దున్నే పని లేదు, ఏటా విత్తే పని లేదు. దానంతట అదే పెరుగుతుంది కదా!

ఒక లెక్క చూడండి. ఒక టన్ను, అంటే 1,000 కిలోల ఎండుగడ్డిలో సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని ఉంటుంది. భాస్వరం 2 నుంచి 3 కిలోలు, పొటాషియం 15 నుంచి 20 కిలోలు ఉంటాయి. వీటితో పాటు కాల్షియం, మెగ్నీషియం లాంటివి కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. మొక్క వీటిని నేలలోంచే తీసుకుంది. గడ్డిమోపు బండెక్కినప్పుడు ఇవన్నీ దానితో పాటే పొలం దాటి వెళ్ళిపోతాయి.

పశువులు పొలంలోనే మేస్తే ఇంత నష్టం ఉండదు. అవి తిన్నదాంట్లో చాలా భాగం పేడగా, మూత్రంగా అక్కడే పడుతుంది. ముఖ్యంగా పశువు తిన్న పొటాషియంలో ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి వస్తుంది. కాని గడ్డిని కోసి కొట్టానికి తరలిస్తే ఆ పేడ, మూత్రం కొట్టంలోనే ఉండిపోతాయి. కొట్టంలోని ఎరువు తిరిగి పొలానికి చేరితే సరి. లేకపోతే, కొలిచి తీయడమే తప్ప పోయడం లేని గాదెలాగా పొలం ఖాళీ అవుతూ ఉంటుంది. ఒకటి రెండేళ్ళలో ఇది కంటికి కనబడదు. పదేళ్ళలో కనబడుతుంది. మంచి గడ్డి పలచబడుతుంది. ఆకు పసుపు తిరుగుతుంది. క్లోవర్ వంటి మేలైన మొక్కలు మాయమవుతాయి. వాటి స్థానంలో నాచు, పశువు మూతిపెట్టని కలుపు చేరతాయి.

ఇలాంటప్పుడు మనకు వెంటనే తోచేది ఏమిటి? ఒక ఎరువు బస్తా తెచ్చి చల్లడం! లేదా మొత్తం దున్నేసి కొత్త విత్తనం వేయడం. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా ఇంట్లో ఉన్న మాత్ర మింగడం లాంటిదే ఇది. ఒక్కొక్కసారి పనిచేయవచ్చు. ఒక్కొక్కసారి మందే కొత్త జబ్బును తేవచ్చు. ఇంగ్లండులోని పొలంలో సరిగ్గా అదే జరిగింది.

ఏడు ఎకరాల ప్రయోగశాల

లండనుకు ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో హార్పెండెన్ అనే ఊరుంది. అక్కడి రోథామ్‌స్టెడ్ ఎస్టేటుకు జాన్ బెన్నెట్ లాస్ యజమాని. ఎముకలను గంధకామ్లంతో కలిపి సూపర్‌ఫాస్ఫేట్ ఎరువు తయారుచేసే పద్ధతికి 1842లో ఆయన పేటెంటు పొందాడు. మరుసటి ఏడు జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి తోడు తెచ్చుకున్నాడు. 1900లో లాస్ చనిపోయేదాకా, 57 ఏళ్ళ పాటు, వాళ్ళిద్దరూ కలిసి పనిచేశారు. ప్రపంచంలోని పాత వ్యవసాయ పరిశోధనా కేంద్రాలలో ఒకటి అలా పుట్టింది.

1856లో వాళ్ళు ఎస్టేటులోని ఒక పచ్చికను ఎంచుకున్నారు. దాని విస్తీర్ణం 2.8 హెక్టార్లు, అంటే దాదాపు 7 ఎకరాలు. అంతకు ముందు కనీసం నూరేళ్ళుగా అది పచ్చికగానే ఉంది. దాన్ని సుమారు 20 మళ్ళుగా విభజించారు. ఒక మడికి నత్రజని ఎరువు మాత్రమే. ఒకదానికి భాస్వరం, పొటాషియం మాత్రమే. ఒకదానికి అన్నీ కలిపి. రెండు మళ్ళకు మాత్రం ఏ ఎరువూ లేదు. పోల్చి చూడటానికి అలాంటి మడి తప్పక ఉండాలి. ప్రయోగం చేసేటప్పుడు మీరు కూడా ఈ సంగతి మరచిపోకండి. ఒక్క మడిలో కూడా విత్తనం చల్లలేదు, నేల దున్నలేదు. ఏటా జూన్ నడిమి రోజుల్లో గడ్డి కోసి తూచడం, శరదృతువులో రెండోసారి కోయడం, ఇదే పని. మొదటి ఏళ్ళలో రెండో పంటను గొర్రెలకు మేపేవారు. ఏయే ఎరువుకు ఎంత గడ్డి వస్తుందో తెలుసుకోవడమే వాళ్ళ ఉద్దేశం.

రెండు మూడేళ్ళు గడిచేసరికి వాళ్ళు ఎదురుచూడని వింత కనబడింది. గడ్డి బరువులోనే కాదు, గడ్డి రకాల్లోనే తేడా వచ్చేసింది! ఒక మడిలో పొడవాటి గడ్డి ఒత్తుగా లేచింది. పక్క మడిలో క్లోవర్ పూలు విరబూశాయి. ఇంకొకదానిలో నేలబారు మొక్కలు ఎన్నో రకాలు కలగలిసి పెరిగాయి. చూసినవాళ్ళకు మడికొక రకం విత్తనం చల్లారేమో అనిపించేది. నిజానికి చల్లింది ఎరువు మాత్రమే. నేలలో ఏ పోషకం ఎంత ఉందో దాన్నిబట్టి, అప్పటికే అక్కడున్న మొక్కల్లో కొన్ని గెలిచాయి, కొన్ని ఓడిపోయాయి.

ఒక్కటి వేస్తే చాలదు

మొదటి పాఠం తూకంలో బయటపడింది. అన్ని పోషకాలూ అందిన మళ్ళలో ఎరువులేని మడికి రెట్టింపుకు పైగా గడ్డి వచ్చింది. కాని నత్రజని ఒక్కటే వేసిన మడిలో దిగుబడి అంతగా పెరగలేదు. ఎందుకంటారా? నత్రజని అందినా భాస్వరం, పొటాషియం చాలలేదు. నాలుగు చక్రాల బండికి మూడు కొత్త చక్రాలు వేసి, నాలుగోది విరిగినదే ఉంచితే బండి నడుస్తుందా? మొక్క పెరుగుదల కూడా అంతే. అన్నింటికంటే కొరతగా ఉన్న పోషకమే దాన్ని ఆపేస్తుంది.

రెండో పాఠం ఇంకా విచిత్రమైనది. భాస్వరం, పొటాషియం మాత్రమే వేసి, నత్రజని బొత్తిగా వేయని మళ్ళలో కూడా గడ్డి బాగా వచ్చింది. అక్కడ క్లోవర్, దాని బంధువులు గుంపులుగా పెరిగాయి. ఇవి చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్కలు. మన జనుము, పిల్లిపెసర కూడా ఆ కుటుంబంలోనివే. మరి ఆ మడికి నత్రజని ఎక్కడినుంచి వచ్చింది?

గాలిలో 78 శాతం నత్రజనే. మొక్కలు దాన్ని నేరుగా తీసుకుంటాయా అని తేల్చడానికి లాస్, గిల్బర్ట్, అమెరికా నుంచి వచ్చిన ఎవాన్ ప్యూ కలిసి 1857, 1858 సంవత్సరాల్లో ఎంతో జాగ్రత్తగా ప్రయోగాలు చేశారు. నేలలో నత్రజని ఏమాత్రం మిగలకూడదని మట్టిని బాగా కాల్చి, గాజు పాత్రల్లో మొక్కలు పెంచారు. మొక్కలు గాలిలోని నత్రజనిని తీసుకోలేకపోయాయి. కాబట్టి జవాబు "లేదు" అని తేల్చారు.

ఇందులో మెలిక ఎక్కడుందో మీకు తట్టిందా? మట్టిని కాల్చినప్పుడు అందులోని సూక్ష్మజీవులు కూడా చచ్చిపోయాయి! గాలిలోని నత్రజనిని పట్టేది మొక్క కాదు, దాని వేరు బుడిపెల్లో కాపురముండే బాక్టీరియా. ఈ రహస్యాన్ని 1886లో జర్మనీకి చెందిన హెల్రీగెల్, విల్‌ఫార్ట్ బయటపెట్టారు. మొక్క బాక్టీరియాకు పిండిపదార్థం పెడుతుంది. బాక్టీరియా మొక్కకు నత్రజని ఇస్తుంది. భాస్వరం, పొటాషియం అందితే ఈ కాపురం సాఫీగా సాగుతుంది. కొనకుండానే పొలానికి నత్రజని ఎరువు వచ్చిపడుతుంది.

మందే జబ్బయింది

ఇక అసలు కథకు వద్దాం. కొన్ని మళ్ళకు ఏటా అమ్మోనియం సల్ఫేట్ వేస్తూ వచ్చారు. అది నత్రజని ఎరువు. భాస్వరం, పొటాషియం కూడా అందిన మళ్ళలో మొదట్లో గడ్డి దివ్యంగా పెరిగింది. కాని ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మళ్ళ రూపం మారిపోయింది. క్లోవర్ మాయమైంది. ఒక్కొక్క రకమే జారుకుంటూ వచ్చింది. ఎరువులేని మడిలో 35 నుంచి 40 రకాల మొక్కలుంటే, అమ్మోనియం సల్ఫేట్ ఎక్కువగా వేసిన మడిలో చివరకు రెండు మూడు రకాలే మిగిలాయి. వాటిలో పెద్దపీట యార్క్‌షైర్ ఫాగ్ అనే నూగు గడ్డిది. చచ్చిన గడ్డి కుళ్ళకుండా, నేల మీద చాపలాగా మందంగా పేరుకుపోయింది.

ఏమైంది ఆ నేలకు? అది పుల్లబడిపోయింది! అంటే ఆమ్ల నేలగా మారింది.

అమ్మోనియం సల్ఫేట్‌లోని అమ్మోనియాను నేలలోని కొన్ని బాక్టీరియా నైట్రేటుగా మారుస్తాయి. ఆ పనిలో హైడ్రోజన్ అయానులు విడుదలవుతాయి. ఆమ్లమంటే అవే. నేలలోని కాల్షియం వాటితో పోరాడి పోరాడి, వాన నీటితో కిందికి కొట్టుకుపోతుంది. 100 కిలోల అమ్మోనియం సల్ఫేట్ పుట్టించే ఆమ్లాన్ని విరిచివేయాలంటే దాదాపు 110 కిలోల సున్నపురాయి పొడి కావాలి. వేసిన మందు కంటే విరుగుడే ఎక్కువన్నమాట!

ఆమ్లాన్ని కొలిచే కొలబద్దను పి.హెచ్. అంటారని మీరు చదువుకున్నారు. 7 అయితే తటస్థం. అంతకంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ప్రయోగం మొదలైనప్పుడు ఆ పొలం పి.హెచ్. సుమారు 5.5 ఉండేది. అమ్మోనియం సల్ఫేట్ ఎక్కువగా పడిన మళ్ళలో అది 3.5 దగ్గరకు దిగిపోయింది. తేడా రెండే కదా అనుకోకండి. ఈ కొలబద్ద మీద ఒక మెట్టు దిగితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్లు. రెండు మెట్లు దిగితే నూరు రెట్లు! లాస్, గిల్బర్ట్‌లు పని ప్రారంభించిననాడు ఈ కొలబద్దే లేదు. డెన్మార్కుకు చెందిన సోరెన్‌సెన్ దాన్ని 1909లో ప్రవేశపెట్టాడు.

అంత పుల్లటి నేలలో మూడు ఆపదలు వస్తాయి. మొదటిది, మట్టిలో మామూలుగా కదలకుండా పడివుండే అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది. అది వేళ్ళకు విషం. వేళ్ళు పొట్టిగా మొద్దుబారిపోతాయి. రెండోది, వేరు బుడిపెల బాక్టీరియా బతకలేవు. దాంతో క్లోవర్ కూడా పోతుంది. మూడోది, వానపాములు ఆ నేలను వదిలిపోతాయి, చచ్చిన ఆకును కుళ్ళబెట్టే చాలా రకాల జీవులూ నీరసిస్తాయి. అందుకే పాత గడ్డి చాపలా పేరుకుపోయింది. అందులోని పోషకాలు మళ్ళీ మట్టికి చేరవు.

దోషం నత్రజనిది కాదా, అమ్మోనియాదేనా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి జవాబు పక్క మడిలోనే ఉంది. అక్కడ అంతే నత్రజనిని సోడియం నైట్రేటు రూపంలో వేశారు. ఆ నేల పుల్లబడలేదు. పోషకం ఒకటే, మోసుకొచ్చిన వాహనం వేరు. ఫలితం పూర్తిగా వేరు.

సున్నంతో చికిత్స

జబ్బు ఆమ్లమైతే మందేమిటో మీరే చెప్పగలరు. ఆమ్లాన్ని విరిచేది క్షారం. ఈ కేంద్రంలో వాడినది సుద్ద, అంటే కాల్షియం కార్బొనేటు.

1903 నుంచి చాలా మళ్ళను రెండు సగాలు చేశారు. ఒక సగానికి నాలుగేళ్ళకొకసారి హెక్టారుకు 4 టన్నుల చొప్పున సుద్ద వేశారు. రెండో సగాన్ని అలాగే వదిలారు. మిగతా ఎరువులన్నీ రెండింటికీ సమానమే. సుద్ద ఆమ్లంతో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడు వాయువు, నీరు ఏర్పడతాయి. కాల్షియం నేలకు దక్కుతుంది. పి.హెచ్. పెరిగేకొద్దీ అల్యూమినియం మళ్ళీ గట్టిపడి కదలకుండా కూర్చుంటుంది. సుద్ద పడిన సగంలో దిగుబడి పెరిగింది, మొక్కల రకాలూ పెరిగాయి. పడని సగం అలాగే ఉండిపోయింది. మధ్యలో గోడ లేదు, కంచె లేదు. అయినా గీత గీసినట్టు రెండు సగాలూ విడివిడిగా కనబడతాయి.

1965లో ఇంకో అడుగు ముందుకు వేశారు. మడిని నాలుగు భాగాలు చేసి, ఒక భాగం పి.హెచ్.ను 7 దగ్గర, రెండోదాన్ని 6 దగ్గర, మూడోదాన్ని 5 దగ్గర నిలిపేలా లెక్కకట్టి సుద్ద వేయసాగారు. నాలుగోదానికి వేయరు. అందరికీ ఒకే మోతాదు కాదు, జబ్బును బట్టి మోతాదు అన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. సున్నం భోజనం కాదు. ఏ ఎరువూ లేని మడికి సున్నం ఒక్కటే వేస్తే గడ్డి రెట్టింపు కాలేదు. సున్నం తలుపు తెరుస్తుంది అంతే. లోపల భాస్వరం, పొటాషియం లేకపోతే మొక్క ఏం తింటుంది?

ఇంకొక హెచ్చరిక మన నేలల గురించి. ఇంగ్లండులో సున్నం పనిచేసిందని మన నల్లరేగడిలో చల్లితే లాభం లేదు. నల్లరేగడి నేలల పి.హెచ్. సాధారణంగా 7 దాటే ఉంటుంది. తవ్వితే సున్నపు గుళికలు కనబడే నేలలు కూడా ఉన్నాయి. కారు చౌడు నేలకైతే కావలసింది సున్నం కాదు, జిప్సం. కాబట్టి ఏ పొలానికైనా ముందు మట్టి పరీక్ష చేయించాలి, ఆ తరువాతే మందు.

మట్టి నమూనా తీయడం కూడా తెలుసుకోండి. ఒక్కచోట పిడికెడు మట్టి తీస్తే అది పొలం సంగతి చెప్పదు. పొలంలో 10, 15 చోట్ల, గట్టు పక్కన, పెంటకుప్ప దగ్గర, చెట్టు నీడలో కాకుండా, జానెడు లోతున గుంట తీయాలి. గుంట గోడ వెంబడి పైనుంచి కిందికి పలచగా మట్టి చెక్కి తీయాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి, ప్రయోగశాలకు పంపాలి.

పొలం కోలుకుంటుందా?

నూరేళ్ళకు పైగా ఎరువు పడిన పొలం, ఎరువు ఆపితే పూర్వపు రూపానికి వస్తుందా? లేక శాశ్వతంగా పాడైపోయిందా? దీన్ని తేల్చడానికి 1989లో కొన్ని మళ్ళలో ఒక భాగానికి నత్రజని ఎరువు ఆపేశారు. అక్కడ మొక్కలను లెక్కిస్తూ వచ్చారు. ఒకటి రెండేళ్ళలో పెద్ద మార్పు లేదు. కాని 2012 నాటికి, పోయిన రకాల్లో చాలా భాగం తిరిగి వచ్చినట్లు తేలింది. ముఖ్యంగా సున్నం పడినచోట బాగా కోలుకుంది. 1991 నుంచి 2012 వరకు ఆ ప్రాంతపు గాలిలో కాలుష్యం వల్ల నేల మీద పడే నత్రజని కూడా తగ్గుతూ వచ్చింది. దానివల్ల పొలమంతటా చిక్కుడు జాతి మొక్కలు పెరిగాయి. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

దీన్నిబట్టి పొలానికి రెండు గుణాలున్నాయని తెలుస్తుంది. అది మనం చేసిన మేలును, కీడును ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటుంది. అయినా కోలుకునే శక్తిని అంత తేలికగా వదులుకోదు.

ఇప్పుడు చిక్కిపోయిన గడ్డి పొలం ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. ఏం చేస్తారు? ముందు తిరిగి చూడండి. ఏ మొక్కలు మిగిలాయి, చిక్కుడు జాతివి ఉన్నాయా, వానపాములున్నాయా? తరువాత మట్టి పరీక్ష. నేల పుల్లబడి ఉంటే ముందుగా సున్నం. పచ్చికను దున్నలేం కాబట్టి పైన చల్లిన సున్నం మెల్లగా, ఏళ్ళ మీద లోపలికి దిగుతుంది. ఓపిక పట్టాలి. ఆపైన లోటున్న భాస్వరం, పొటాషియం వేయాలి, కొట్టంలోని ఎరువును తిరిగి పొలానికి చేర్చాలి. చిక్కుడు జాతి మొక్కలకు చోటివ్వాలి. మరీ నేలకంటా, మాటిమాటికీ కోయకూడదు. వేళ్ళకు బలం చేరేది ఆకు నుంచే కదా! ఇంగ్లండు పొలంలో కోసిన గడ్డిని మడిలోనే ఆరబెడతారు. అలా ఆరుతున్నప్పుడు గింజలు రాలి, వచ్చే ఏటికి విత్తనం అవుతాయి. దున్ని కొత్తగా విత్తడం అన్నిటికంటే చివరి మాట. కారణం తెలియకుండా దున్నితే, కొత్త విత్తనం కూడా ఆ పాత జబ్బు నేలలోనే పడుతుంది.

మీరే చేసి చూడండి

ఒకటి: 100 గ్రాముల ఎండిన గడ్డిని తూచి, పెద్దవాళ్ళ సమక్షంలో, పాత ఇనుప మూకుడులో పూర్తిగా కాల్చండి. 5 నుంచి 10 గ్రాముల దాకా బూడిద మిగులుతుంది. వరిగడ్డి అయితే ఇసుకలో ఉండే సిలికా దానిలో ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువే మిగులుతుంది. మంటలో పోయినదంతా చాలా వరకు గాలి నుంచి, నీటి నుంచి వచ్చింది. మిగిలిన బూడిద నేల నుంచి వచ్చింది. బూడిద చల్లారాక కొంచెం నీళ్ళు కలిపి, తేరిన నీటిలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి. అది నీలంగా మారుతుంది. బూడిదలోని పొటాషియం లవణం క్షారం కావడమే కారణం. ఒక టన్ను గడ్డికి పొలం ఎంత బూడిద పోగొట్టుకుంటుందో మీరే లెక్క వేయండి.

రెండు: నాలుగు పుల్లలు, పురికొస తీసుకొని, బడి ఆవరణలోని పచ్చికలో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చదరం కట్టండి. అందులో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టండి. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, ఆకు బొమ్మ గీసుకోండి. పశువులు తిరిగేచోట ఒక చదరం, తిరగనిచోట ఒక చదరం కట్టి పోల్చండి. తేదీ వేసి నోటుపుస్తకంలో రాసిపెట్టుకొని, వచ్చే ఏడు అదే నెలలో, అదేచోట మళ్ళీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ ఒకటేనా? కాకపోతే ఎందుకు మారాయి? రోథామ్‌స్టెడ్‌లోనూ ఇలా మొక్కలను లెక్కపెట్టే తేడాలు కనిపెట్టారు.